వారానికొక్కరోజు ఇంటి చార్జి

హెడ్‌మిస్ట్రెస్ రిటైరైన రోజు బడిలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. దండలు, శాలువా, ఫొటోలు, భోజనాలు. ఇవన్నీ అయినా కాకపోయినా కాగితం మీద జరగాల్సిన పని ఒకటుంటుంది. చార్జి అప్పగించడం. బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, క్యాష్‌బుక్కు తర్వాత వచ్చేవారి చేతిలో పెట్టాలి. ఇచ్చినట్టు ఒక సంతకం, పుచ్చుకున్నట్టు ఇంకో సంతకం. ఆ తర్వాత బడికి నీళ్లు రాకపోయినా, మధ్యాహ్న భోజనానికి గుడ్లు అందకపోయినా ఆవిడకి ఫోను రాదు. అదే సాయంత్రం ఆవిడ ఇంటికొస్తుంది. వంటింటి చార్జి పుచ్చుకోవడానికి అక్కడ ఎవరున్నారు? ఎవరూ లేరు. పైగా "ఇక ఇంట్లోనే ఉంటుందిగా" అంటూ కొత్త పనులొచ్చి చేరతాయి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఉద్యోగం చేసి రిటైరైన స్త్రీ వారానికి ఒక్కరోజు ఇంటి చార్జి కూడా అప్పగించాలి. రోజంతా అప్పగించాలి. పేరుకి కాదు, నిజంగా. ఈ మాట ఏ ఇంటికైనా వర్తిస్తుంది. కానీ నేను క్రైస్తవ కుటుంబాల సంగతే ఎక్కువగా మాట్లాడతాను. వారానికొక రోజు పని ఆపమని చెప్పే గ్రంథం వాళ్ల ఇంట్లోనే ఉంది. అయినా ఆ ఇళ్లలో ఆడవాళ్లకి అన్నిటికన్నా ఎక్కువ పని పడేది ఆ రోజే.

ఆదివారం సంగతే చూడండి. ఆరాధన తొమ్మిదిన్నరకో పదింటికో మొదలవుతుంది. ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారమైతే ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. అప్పటికి పలావు, కోడికూర సిద్ధంగా ఉండాలంటే తెల్లవారకముందే అల్లం వెల్లుల్లి నూరాలి. మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడేది మగవాళ్లే, నిజమే. అక్కడితో వాళ్ల వంతు అయిపోతుంది. గుళ్లోంచి వస్తూ ఎవరో ఒకరు భోజనానికి వెంట వస్తారు. కూతురో అల్లుడో, ఆ రోజు వాక్యం చెప్పడానికి పక్క ఊరి నుంచి వచ్చిన అతిథో. చివరి పాట పాడుతున్నప్పుడే ఆవిడ ఆలోచన పొయ్యి మీదికి వెళ్లిపోతుంది. ఇదంతా నేను ఊహించి చెప్తున్నానని అనుకుంటే లెక్కలు వినండి. మన జనం రోజులో 24 గంటలూ దేనికి వెచ్చిస్తున్నారో కేంద్ర ప్రభుత్వం సర్వే చేసి రాసుకుంటుంది. 2024 సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసిన ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు అందులో గడిపారు. దాదాపు ఐదు గంటలు. ఆ పని చేసిన మగవాళ్లు గడిపింది 88 నిమిషాలు. గంటన్నర. అంతకు ముందు 2019లో ఇదే సర్వే జరిగింది. అప్పుడు ఆడవాళ్లది 299 నిమిషాలు, మగవాళ్లది 97. ఈ ఐదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గింది. మగవాళ్లది కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. అంటే ఆ పది నిమిషాలు మిక్సీ వల్ల తగ్గాయో, వాషింగ్ మెషిన్ వల్ల తగ్గాయో గానీ మగవాళ్లు అందుకోవడం వల్ల మాత్రం తగ్గలేదు. ఇంకో మాట. ఇది అసలు ఇంటి పని ముట్టుకున్న మగవాళ్ల సగటు. ముట్టుకోనివాళ్లని కూడా కలిపితే ఆ 88 ఎంతకు దిగుతుందో మీరే ఆలోచించండి.

తెలుగు క్రైస్తవుల్లో రిటైరైన ఆడవాళ్లు ఇవాళ కొత్తగా తయారైనవాళ్లు కాదు. 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరు గుంటూరు వచ్చారు. 1898లో ఆవిడ ఆధ్వర్యంలో ఆడవాళ్లకీ పిల్లలకీ ఆసుపత్రి తెరుచుకుంది. అలాంటి మిషను ఆసుపత్రుల్లో మన ఆడపిల్లలు నర్సులయ్యారు. మిషను బళ్లలో చదివి టీచర్లయ్యారు. అమ్మమ్మ కూడా పెన్షను తీసుకున్న ఇళ్లు ఈ సమాజంలో ఉన్నాయి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగి 62 ఏళ్లకి, తెలంగాణలో 61 ఏళ్లకి రిటైరవుతారు. అరవై ఏళ్లు వచ్చిన మన దేశపు స్త్రీ సగటున ఇంకో 18 ఏళ్లకు పైనే బతుకుతుంది. ఒక పిల్ల పుట్టి ఓటు హక్కు తెచ్చుకునేంత కాలం అది. అంత కాలాన్ని "ఇంట్లోనే ఉంటుందిగా" అన్న ఒక్క మాటతో మింగేయడం న్యాయం కాదు.

ఇప్పుడు ఆ గ్రంథం, అంటే బైబిలు, ఏం చెప్తుందో చూద్దాం. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞ నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఉంది. ఆ రోజు ఎవరెవరు పని చేయకూడదో పేరుపేరునా చెప్తుంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువులు, నీ ఊళ్లో ఉన్న పరదేశి. శ్రోతలూ, ఈ వరసలో ఒకరు కనబడటం లేదు. భార్య. పశువుకి కూడా సెలవు రాసిన చోట భార్య మాటే లేదు. "నువ్వు" అన్న పిలుపులోనే భార్య కూడా ఉందని పండితులు చెప్తారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. ఇంటి యజమానికి ఎంత సెలవో ఆవిడకీ అంతే, అందుకే వేరుగా చెప్పలేదన్నమాట. అయితే మన ఇళ్లలో నడుస్తున్నది చూస్తే, పేరు లేదు కాబట్టి సెలవూ లేదని అర్థం చేసుకున్నట్టుంది. అదే నిర్గమకాండంలో కొంచెం వెనక్కి, 16వ అధ్యాయానికి వెళ్లండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి మన్నా అనే ఆహారం కురిసిన కథ అక్కడుంది. వాళ్ల నాయకుడు మోషే ద్వారా, ఆరో రోజున రెండింతలు ఏరుకోమన్నారు. కాల్చుకోవాల్సింది ఆ రోజే కాల్చుకోమన్నారు. వండుకోవాల్సింది ఆ రోజే వండుకోమన్నారు. మిగిలింది మర్నాటికి దాచుకోమన్నారు. అది పాడవలేదు. గమనించారా? విశ్రాంతి గురించి అంత వివరంగా చెప్పిన ఆ మొదటి చోట మాట్లాడింది పొలం గురించి కాదు, వ్యాపారం గురించి కాదు. వంట గురించి! ముందు రోజే వండి పెట్టుకోండి, రేపు పొయ్యి జోలికి పోకండి అని. శనివారం చేసిన చేపల పులుసు ఆదివారానికి ఇంకా బాగుంటుందని తెలియని తెలుగింటి వాళ్లెవరు? గోంగూర పచ్చడి ఉంది, పెరుగుంది. మన్నా కాలంలో లేని ఫ్రిజ్జు కూడా ఉంది. ఆదివారం భోజనం వేడివేడిగానే ఉండాలన్న నియమం మోషే పెట్టింది కాదు. మనం పెట్టుకున్నది.

రిటైర్‌మెంటు సంగతి కూడా ఆ గ్రంథంలో ఉంది. చాలామంది గమనించరు. సంఖ్యాకాండం 8వ అధ్యాయం చివర్లో లేవీయుల పని వయసు రాసి ఉంది. దేవుడి గుడారానికి సంబంధించిన పని వాళ్లది. ఆ గుడారాన్ని విప్పాలి, మోయాలి, మళ్లీ నిలబెట్టాలి. పలకలు, స్తంభాలు, తెరలు, అన్నీ బరువే. ఆ పనిలో 25 ఏళ్లకి చేరాలి. 50 ఏళ్లకి దిగిపోవాలి. దిగినవాడు తోటివాళ్లకి సాయపడవచ్చు, కావలి కాయవచ్చు. పని మాత్రం చేయకూడదు. ఎంత వివరం ఉందో చూడండి! పొమ్మనలేదు. మూలన కూర్చోమనలేదు. బరువు దించుకోమన్నారు. ఈ తేడా మనకి ముఖ్యం. రిటైరైన స్త్రీ ఇంటికి సాయం చేయకూడదని ఎవరూ అనడం లేదు. ఇంటి బరువు ఏడు రోజులూ ఆవిడ ఒక్కదాని మీదే ఉండకూడదని అంటున్నాం. లేవీయులు మగవాళ్లు కదా, అది గుడి పని కదా అని ఎవరైనా అడగవచ్చు. గుడి పనికే వయసు హద్దు పెట్టినప్పుడు, గ్రైండరు గిన్నె ఎత్తడానికి ఎందుకు పెట్టకూడదో చెప్పాల్సింది అడిగినవాళ్లే.

దీనికి మొదటి అభ్యంతరం ఆడవాళ్ల నుంచే వస్తుంది. "నా ఇంటికి, నా పిల్లలకి ప్రేమతో చేసుకునే పని ఇది. బరువు అనుకుంటేనే బరువు." మంచి మాట. కాదనను. అయితే విశ్రాంతి ఆజ్ఞ ఆపమంటున్నది చెడ్డ పనిని కాదు. చెడ్డ పని ఏ రోజూ చేయకూడదు, దానికి వేరే ఆజ్ఞలున్నాయి. మంచి పనినే ఒక రోజు ఆపమంటోంది. ప్రేమతో చేసే పని ఆ లెక్కలోంచి తప్పిపోదు. ఇక రెండో అభ్యంతరం ప్రసంగ పీఠం మీంచి వస్తుంది. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలో గుణవతి అయిన భార్య ఉంది కదా, ఇంకా చీకటి ఉండగానే లేస్తుంది, రాత్రి ఆవిడ దీపం ఆరదు అని. స్త్రీల ఆదివారం నాడు ఈ అధ్యాయం చదవని గుడి తక్కువ. కానీ చివరిదాకా చదవండి. ఆవిడ ఇంట్లో పనికత్తెలు ఉన్నారు. ఆవిడ పొలం చూసి కొంటుంది, ద్రాక్షతోట నాటిస్తుంది, బట్టలు నేసి అమ్ముతుంది. అది హీబ్రూ అక్షరమాల వరసలో, 22 వచనాల్లో కట్టిన ప్రశంస. ఒక జీవితంలోని మంచినంతా కూడగట్టి చెప్పిన పాట. ఒక్క రోజు దినచర్య కాదు. పైగా చివర్లో ఏమంటుంది? ఆవిడ చేతి కష్టానికి ఫలం ఆవిడకే ఇమ్మంటుంది. ఆ ప్రశంస మొదలు దగ్గరే ఆగే ప్రసంగాలు ఈ చివరి మాట దాకా రావు. ఇంటికొచ్చిన యేసుకి వడ్డించే పనిలో మునిగిన మార్త, ఆయన మాట వింటూ కూర్చున్న మరియల కథ సంగతీ అంతే. మార్తని మందలించడంతో ప్రసంగం ముగుస్తుంది. ప్రసంగం అయ్యాక ప్రసంగీకుడికి అన్నం ఎవరు వడ్డిస్తారో మాత్రం ఎవరూ అడగరు.

ఇంకో అభ్యంతరం కాస్త లోతైనది. క్రైస్తవులు మోషే ధర్మశాస్త్రం కింద లేరు కదా, ఆదివారం ఆజ్ఞలో చెప్పిన విశ్రాంతి దినం (సబ్బాతు) కాదు కదా అంటారు. నిజమే. విశ్రాంతి దినం మనిషి కోసం వచ్చిందే గానీ మనిషి దాని కోసం రాలేదని యేసు చెప్పాడు. ఆ మాట నా వాదానికే బలం. రోజు ఏదన్నది ప్రశ్న కాదు. ఆదివారం బంధువులు రావడం మీ ఇంట్లో సంతోషమైతే అలాగే ఉండనివ్వండి. చార్జి గురువారం అప్పగించండి. మన తెలుగు నేల మీదే సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘాలున్నాయి. వాళ్లు శనివారం పాటిస్తారు. శుక్రవారం పొద్దుగూకకముందే వంట పనులు ముగించుకోవాలన్నది వాళ్ల పద్ధతి. వాళ్ల సిద్ధాంతంతో మీకు పేచీ ఉండవచ్చు. ముందు రోజు సర్దుకునే ఆ అలవాటుతో పేచీ ఎందుకు?

అసలైన చిక్కు ఇప్పుడు చెప్తాను. అత్తగారు చార్జి వదిలితే అది ఎవరి మీద పడుతుంది? కోడలి మీద. ఆ కోడలు ఆరు రోజులు ఆఫీసుకి వెళ్లి వచ్చినది. లేదా పనిమనిషి మీద పడుతుంది. అదే జరిగితే ఈ ఏర్పాటు మొత్తం దండగ. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో ఇదే ఆజ్ఞ మళ్లీ వస్తుంది. అక్కడ కారణం కూడా చెప్తుంది. నీలాగే నీ దాసుడూ నీ దాసీ కూడా విశ్రమించాలి, ఐగుప్తులో నువ్వూ దాసుడివేనని మర్చిపోకు అని. ఒకరి సెలవుని ఇంకొకరి నడుం మీద కట్టకూడదని దీని అర్థం. కాబట్టి చార్జి పుచ్చుకోవాల్సింది ఇంట్లో ఇప్పటిదాకా చార్జి లేనివాళ్లు. అంటే మొట్టమొదట భర్త. ఆయన మామూలుగా వయసులో పెద్ద. ఆవిడకన్నా ముందే రిటైరై ఇంట్లో ఉన్నవాడు. పేపరు రెండుసార్లు చదివే తీరిక ఉన్నవాడు.

అయ్యా, ఇక్కడి నుంచి మీతోనే మాట్లాడతాను. "నాకు వంట రాదు" అంటారు. వంట కన్నా ముందు రావాల్సింది ఇంకోటి ఉంది. ఇంటి లెక్క ఆవిడ తలలో ఉంది. కందిపప్పు డబ్బా ఏదో, గ్యాస్ ఎప్పుడు బుక్ చేశారో, పాలవాడికి ఎంత బాకీనో, మీ బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో, అన్నీ. చార్జి అప్పగించడమంటే ముందు ఈ లెక్క బయటికి రావాలి. డబ్బాల మీద పేర్లు అంటించండి. గ్యాస్ కంపెనీలో నమోదైన నంబరు మీ ఫోనుది చేయించండి. పాల లెక్క, మందుల లెక్క ఒక పుస్తకంలో రాయండి. ఆ రోజు "ఉప్పెక్కడ?" అని మీరు మూడుసార్లు పిలిస్తే ఆవిడకి సెలవు ఇచ్చినట్టు కాదు. కుర్చీలో కూర్చోబెట్టి పని చేయించినట్టు. ఇక వంటంటారా, అన్నం, పప్పు, ఒక వేపుడు. ముందు రోజు పులుసు ఎలాగూ ఉంది. మాడితే మాడుతుంది. ఆవిడ లేచి సరిచేయకుండా ఉండటం ఆవిడ పాటించాల్సిన వంతు. అది ఆవిడకి కష్టమే, తెలుసు. మగవాడు పొయ్యి దగ్గర నిలబడటం మర్యాద కాదనుకునేవారు యోహాను సువార్త 21వ అధ్యాయం తీసి చూడండి. తిరిగి లేచిన యేసు సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి, రాత్రంతా వల లాగి వచ్చిన శిష్యుల్ని భోజనానికి పిలిచాడు. ఆయనకి తగిన పని మనకి తగనిదవుతుందా?

ఇంటి మరమ్మతుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. గ్రాట్యుటీ, కమ్యుటేషను డబ్బు చేతికి రాగానే చాలా ఇళ్లలో వచ్చే మొదటి ఆలోచన మేడ మీద ఇంకో పోర్షను. అద్దె వస్తుంది, పెన్షనుకి తోడవుతుంది అంటారు. లెక్క తప్పు కాదు. అయితే మేస్త్రీతో మాట్లాడేది, కొత్త గోడలకి నీళ్లు కొట్టించేది, కూలీలకి టీ పెట్టేది ఎవరు? పోర్షను పూర్తయ్యాక అద్దెవాళ్ల కుళాయి కారుతోందంటే ఎవరి తలుపు కొడతారు? రిటైర్‌మెంటు డబ్బుతో రిటైరైన మనిషికే ఇంకో ఉద్యోగం కొన్నట్టవుతుంది. కట్టుకోండి, వద్దనను. దానికన్నా ముందు కింద చేయాల్సిన చిన్న పనులున్నాయి. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక స్టీలు రాడ్డు. జారని టైల్స్. మెట్లకి రెండు వైపులా రెయిలింగు. వంటింట్లో అటక మీది సామాను చేతికందే అరల్లోకి దించడం. ఇవన్నీ కలిపినా పోర్షను ఖర్చులో చాలా చిన్న వంతు. వంటిల్లు ఎవరు నిలబడినా పని చేసుకునేలా ఉంటే, చార్జి పుచ్చుకునేవాడికి సాకు తగ్గుతుంది. ఇక సెలవు రోజు ఆవిడ ఏం చేయాలి? ఖాళీగా కూర్చోలేదని భయపడేవారుంటారు. ఏమైనా చేయవచ్చు. మొక్కలు పెంచవచ్చు, కుట్టు మెషిను తీయవచ్చు, పాత కుర్చీకి రంగు వేయవచ్చు, మధ్యాహ్నం పడుకోవచ్చు. ఒక్కటే షరతు. అది ఎవరి అవసరం కోసమో చేసేది కాకూడదు. సగంలో వదిలేసినా ఎవరికీ నష్టం ఉండకూడదు. పురుడు పోయడానికి అమెరికా వెళ్లిన తల్లులకీ ఇదే వర్తిస్తుంది. అక్కడ అల్లుడికి వారానికి రెండు రోజులు సెలవు. ఆ రెంటిలో ఒకటి అత్తగారిది చేయడం పెద్ద కష్టమేం కాదు.

ఇప్పటిదాకా చెప్పింది భర్త ఆరోగ్యంగా ఉన్న ఇంటి గురించి. ఆయన మంచాన పడితే? ఆవిడ ఒంటరిదైతే? చార్జి ఎవరు పుచ్చుకుంటారు? ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. దీనికి ఇంట్లో జవాబు లేదు. సంఘంలో ఉంది. అపొస్తలుల కార్యాల 6వ అధ్యాయంలో, రోజువారీ భోజనం పంచేటప్పుడు కొందరు విధవరాళ్లని పట్టించుకోవడం లేదని ఫిర్యాదు వచ్చింది. మొదటి సంఘం ఏం చేసింది? ఆడవాళ్లని ఇంకాస్త ఓర్చుకోమనలేదు. భోజనం సంగతి చూడటానికి ఏడుగురు మగవాళ్లని ఎన్నుకుంది. తర్వాత హతసాక్షి అయిన స్తెఫను వాళ్లలో ఒకడు. మన సంఘాల్లో జబ్బుపడిన వారి ఇళ్లకి వెళ్లి ప్రార్థన చేసి వచ్చే మంచి అలవాటు ఉంది. పదిమంది వెళ్తారు. ఆ ఇల్లాలు మంచంలో ఉన్న మనిషిని వదిలి పదిమందికి టీ పెడుతుంది. ఈసారి వెళ్లేటప్పుడు ఫ్లాస్కు మీరే తీసుకెళ్లండి. క్యారేజీలో ఆ పూట భోజనం కూడా పట్టుకెళ్లండి. ప్రార్థన అయ్యాక ఇద్దరు అక్కడే ఆగి మనిషిని చూసుకుంటే, ఆవిడ నాలుగు గంటలు బయటికి వెళ్లి వస్తుంది. బ్యాంకుకో, చెల్లెలి ఇంటికో, ఊరికే అలా నడవడానికో. పాస్టరేట్ కమిటీలో ఎవరైనా లేచి ఈ పనికి ఏడుగురి పేర్లు రాయమని అడగవచ్చు. ఆ ఏడుగురూ మగవాళ్లే కావాలని కూడా అడగవచ్చు.